కృష్ణ మీద చందమామ: పంచాంగం చూసి తీసే ఫొటో

పోయిన కార్తీక పౌర్ణమికి మా అమ్మాయిని తీసుకుని విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సీతానగరం ఘాట్‌కి వెళ్లాను. ఇంట్లో పనులన్నీ తెమిలి ఒడ్డుకు చేరేసరికి ఏడు దాటింది. అరటి దొప్పల్లో దీపాలు వరుసగా నీళ్ల మీద సాగిపోతున్నాయి. తూర్పున చంద్రుడు అప్పటికే బాగా పైకి వచ్చేశాడు. పిల్ల నా ఫోన్ లాక్కుని వరసగా పది ఫొటోలు తీసింది. తర్వాత స్క్రీన్ చూసుకుని, "నాన్నా, ఇదేంటి, చందమామ బదులు తెల్ల బొట్టు పడింది?" అని అడిగింది.

చుట్టూ ఉన్న ఫోన్లన్నిటిలోనూ అదే తెల్ల బొట్టు. దాని కింద నల్లటి నది. ఫోన్ల లోపం ఇందులో చాలా తక్కువ. మేమంతా ఓ గంట ఆలస్యంగా వచ్చాం, అసలు సంగతి అదీ.

మనకు రాత్రయినా చంద్రుడి మీద పట్టపగలే. మనం చూసే వెలుగు ముఖం మీద మధ్యాహ్నపు ఎండ పడుతూ ఉంటుంది. ఆ నేల నిజానికి ముదురు రంగుది. తన మీద పడిన వెలుగులో సుమారు 12 శాతమే వెనక్కి పంపుతుంది, అంటే ఇంచుమించు పాత తారురోడ్డంత. అయినా ఎండలో ఉన్న తారురోడ్డు ఎండలో ఉన్నట్టే కనిపిస్తుంది కదా. అందుకే ఫొటోగ్రాఫర్లు బాగా పైకి వచ్చిన పూర్ణచంద్రుడికి దాదాపు పగటి సెట్టింగులే వాడతారు. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగును పట్టే చురుకు) 100, ఎపర్చర్ (లెన్స్ కన్ను తెరుచుకునే వెడల్పు) ఎఫ్ 11 పెడితే షట్టర్ సెకనులో వందో వంతు తెరుచుకుంటే చాలు.

మరి కింద నది సంగతి? ఎండ వెలుగు సుమారు లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ దగ్గరే ఉంటుంది. తేడా నాలుగు లక్షల రెట్లు. చంద్రుడి మీద ఎండ, నది మీద వెన్నెల: ఆ రెండిటినీ ఒక్క క్లిక్‌లో పట్టగల సెన్సర్ లేదు. ఫోన్ ఏం చేస్తుందంటే, ఫ్రేములో ఎక్కువ భాగం చీకటే కాబట్టి దాన్ని వెలిగించడానికి ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. ఆ దెబ్బకు చంద్రుడి మచ్చలన్నీ తెల్లగా కరిగిపోతాయి. చంద్రుడి మీద వేలితో నొక్కి పట్టుకుని వెలుగు తగ్గిస్తే మచ్చలు తిరిగి వస్తాయి గానీ, అప్పుడు నది మాయమవుతుంది.

ఈ రెండు వెలుగులూ దగ్గరపడే సమయం ఒకటుంది. పొద్దు గుంకే క్షణాన నేల మీద ఇంకా కొన్ని వందల లక్స్ వెలుగు ఉంటుంది. మన విజయవాడ అక్షాంశంలో ఆ తర్వాత సుమారు 22 నిమిషాలకు సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి దిగిపోతాడు. అప్పటికి నేల వెలుగు మూడు, నాలుగు లక్స్‌కు పడిపోతుంది. అంటే ఇరవై రెండు నిమిషాల్లో వందో వంతు! చంద్రుడి ముఖం మాత్రం ఆ కాసేపట్లో ఏమాత్రం మసకబారదు. మొదట్లో ఆకాశం వెలుగుకు చంద్రుడు వెలవెలబోతాడు, చివర్లో చంద్రుడి ముందు నది నల్లబడుతుంది. ఆ మధ్యలో ఓ పది నిమిషాలు నీళ్లు, కొండ, చంద్రుడి మచ్చలు మూడూ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. ఆ పది నిమిషాలకు చంద్రుడు దిగంతం మీద రెండు, మూడు డిగ్రీల పైకి వచ్చి ఉండాలి. అదెప్పుడో పంచాంగం చెబుతుంది.

తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే సమయం. పౌర్ణమి తిథి 168 డిగ్రీల దగ్గర మొదలై 180 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. సూర్యుడికి చంద్రుడు సరిగ్గా ఎదురుగా నిలిచే క్షణం ఆ ముగింపే. మన ఇళ్లల్లో గోడకు వేలాడే క్యాలెండర్‌లో 'పౌర్ణమి రా. 7.20' అన్నట్టు ఉండే చిన్న అక్షరాలు చెప్పేది దాన్నే. ఆ ముగింపు సాయంత్రం పూట పడితే, సూర్యుడు పడమట దిగుతుండగా చంద్రుడు తూర్పున దాదాపు అదే సమయానికి లేస్తాడు.

చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కదా, అంటే గంటకు రెండు నిమిషాలు. లెక్క ఇక్కడ తేలికవుతుంది. పౌర్ణమి తెల్లవారుజామున ఆరింటికే ముగిసిపోతే, ఆ సాయంత్రం చంద్రుడు పొద్దు గుంకాక పాతిక నిమిషాలకు గానీ రాడు. అప్పటికి నది మీద వెలుగు పోయినట్టే. అదే పౌర్ణమి మర్నాడు ఉదయం ముగిసేలా ఉంటే, ముందు రోజు సాయంత్రం అతను సూర్యుడికంటే పాతిక నిమిషాలు ముందే లేస్తాడు. ఫొటోకు నాకు నచ్చే సాయంత్రం అదే. చాలాసార్లు ఆ రోజు తెల్లవారేసరికి ఇంకా చతుర్దశే ఉంటుంది, గుడికి వెళ్లేవాళ్లు మర్నాటి కోసం ఆగుతారు, ఘాట్ ఖాళీగా ఉంటుంది. చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల ఈ లెక్క కొద్ది నిమిషాలు అటూఇటూ అవుతుంది. ఒడ్డుకు అరగంట ముందే చేరితే ఆ తేడా గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇక దిక్కు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు కాబట్టి రుతువులు తలకిందులవుతాయి. చలికాలంలో సూర్యుడు నైరుతి వైపు దిగితే చంద్రుడు ఈశాన్యం వైపు లేస్తాడు. ఎండాకాలంలో ఆగ్నేయం వైపు. 2024, 2025 ప్రాంతంలో ఈ ఊగిసలాట గరిష్ఠానికి చేరింది, నేరు తూర్పు నుంచి ఇటూ అటూ 30 డిగ్రీల దాకా. 18.6 ఏళ్ల ఆవృత్తి అది. 2034 ప్రాంతానికి 19 డిగ్రీలకు తగ్గుతుంది. మన నదికి ఇది బాగా కుదిరింది. ఉండవల్లి వైపు ఒడ్డు నుంచి చూస్తే ఇంద్రకీలాద్రి ఈశాన్యాన ఉంటుంది, కాబట్టి మార్గశిర, పుష్య పున్నములకు ఆ ఒడ్డు. వేసవిలో అయితే భవానీపురం దగ్గరి పున్నమి ఘాట్ నుంచి ఆగ్నేయంగా, నీళ్ల మీదుగా ప్రకాశం బ్యారేజీ వైపు చూడాలి. ఎక్కడ నిలబడినా ముందు రోజే వెళ్లి ఫోన్‌లో దిక్సూచి చూసుకోవడం మేలు.

పిల్ల అడిగిన రెండో ప్రశ్న: "కంటికి అంత పెద్దగా ఉన్నాడు కదా, ఫొటోలో ఎందుకింత చిన్నగా పడ్డాడు?" దిగంతం దగ్గర చంద్రుడు పెద్దగా కనిపించడం మన మెదడు చేసే పని. చెయ్యి చాచి ఒక బఠాణీ గింజ పట్టుకుంటే చాలు, చంద్రుడు దాని వెనక దాక్కుంటాడు. పైకి వచ్చాక చూసినా అంతే. ఆకాశంలో అతని వెడల్పు అర డిగ్రీ. ఇంకా వింతేమిటంటే, ఉదయించేటప్పుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు భూమి వ్యాసార్ధమంత, అంటే ఆరు వేల కిలోమీటర్లకు పైగా, దూరంగా ఉంటాడు. కాబట్టి నిజానికి ఒక పిసరు చిన్నవాడు.

ఫొటోలో పెద్ద చంద్రుడు కావాలంటే చంద్రుణ్ణి పెంచలేం, అతని పక్కనున్నవాటిని చిన్నవి చేయాలి. దానికి వెనక్కి నడవాలి. ఒక మీటరు వెడల్పున్న వస్తువు సుమారు 115 మీటర్ల దూరంలో చంద్రుడంత కనిపిస్తుంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. ఒక కొస నుంచి రెండో కొసను చూస్తే, అక్కడ పదీ పదకొండు మీటర్లున్న పడవ చంద్రుడంత ఉంటుంది. మూడు మీటర్ల తాటి తల అయితే 350 మీటర్ల దూరం చాలు. అంత దూరం నుంచి తీయడానికే పొడవాటి లెన్స్. 400 ఎంఎం లెన్స్‌తో ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో చంద్రుడి బొమ్మ మూడున్నర మిల్లీమీటర్లు పడుతుంది. ట్రైపాడ్ ఉంది కదా అని షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదు. చంద్రుడు రెండు నిమిషాలకు తన వెడల్పంత జరిగిపోతాడు, సెకను దాటితే అంచులు అలుక్కుపోతాయి.

నీళ్ల మీది వెండి బాట గురించి చెప్పకుండా ఉండలేను, ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. నీరు అద్దంలా నిలిచి ఉంటే రెండో చందమామ గుండ్రంగా కనిపిస్తుంది. 1957లో పూర్తయిన బ్యారేజీ వల్ల దాని ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి, గాలి ఆగితే అది సాధ్యమే. చిరు అలలు లేస్తే ఒక్కో అల ఒక్కో చిన్న వాలుటద్దం. సరైన వాలులో ఉన్న ప్రతి అలా మన కంటికి ఒక్కో మెరుపు పంపుతుంది. చంద్రుడు కిందుగా ఉన్నప్పుడు ఆ మెరుపులు పక్కలకు అంతగా పరచుకోవు, మన వైపుగా బారుగా సాగుతాయి. అందుకే అది బాటలా ఉంటుంది. పైగా ఏటవాలుగా వచ్చే వెలుగునే నీరు బాగా తిప్పి పంపుతుంది. చంద్రుడు 5 డిగ్రీల ఎత్తులో ఉంటే నిశ్చలమైన నీరు సగానికి పైగా వెలుగును వెనక్కి పంపుతుంది. 30 డిగ్రీలకు చేరేసరికి అది 6 శాతం. నడినెత్తికి వస్తే రెండే. ఆ బాట తళుకు ఉండేది మొదటి గంటలోనే.

లేచేటప్పుడు చంద్రుడిలో కనిపించే ఎర్రదనానికి కారణం గాలి. దిగంతం దగ్గర వెలుగు నడినెత్తి కంటే ముప్పై, నలభై రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అదే గాలి చంద్రుడి కింది అంచును పై అంచుకంటే ఎక్కువగా పైకెత్తి, అతన్ని కాస్త నొక్కిన నిమ్మకాయలా చేస్తుంది. అలాంటప్పుడు వెలుగు కూడా తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి రానిచ్చే వెలుగు) పెంచాలి.

మార్గశిరంలో పౌర్ణమి ముందు రోజు సాయంత్రం మేమిద్దరం ఉండవల్లి వైపు ఒడ్డుకు ఐదింటికల్లా చేరాం. పొద్దు గుంకిన కాసేపటికి తూర్పున నీటి మట్టానికి బూడిదరంగు పట్టీ ఒకటి లేచింది. దాని మీద గులాబీ పట్టీ. ఆ బూడిదరంగు భూమి నీడ, మనం నిలబడ్డ భూమే ఆకాశం మీద వేసిన నీడ. చంద్రుడు అప్పటికే గులాబీ రంగును దాటి పైనున్నాడు. పిల్ల ఫోన్‌ను రాయి మీద ఆనించి, చంద్రుడి మీద నొక్కి, వెలుగు కొంచెం తగ్గించి తీసింది. చంద్రుడు చిన్నగానే పడ్డాడు. కానీ మచ్చలు కనిపిస్తున్నాయి, కింద నీళ్లు ఇంకా నీలంగా ఉన్నాయి, కొండ మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తూ, "నాన్నా, ఆ నల్లవి ఏంటి, సముద్రాలా?" అంది.