పశువుల మందులు, మొండి సూక్ష్మజీవులు, కృత్రిమ మేధ: అపోహలు - వాస్తవాలు

పశువైద్యంలో ఏఐ అనగానే కృత్రిమ గర్భధారణే గుర్తుకొస్తుంది కాబట్టి, నేను రాస్తున్నది కృత్రిమ మేధ గురించని ముందే చెబుతున్నాను. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో బర్రెలకు, కోళ్లకు వైద్యం చేసే నాకు తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: పొదుగు ఫొటో తీస్తే ఏ మందు వేయాలో ఫోనే చెబుతుంది.

వాస్తవం: ఫొటోలో వాపు కనిపిస్తుంది గానీ, దానికి కారణమైన సూక్ష్మజీవి ఏదో, అది ఏ మందుకు లొంగుతుందో కనిపించదు. అందుకు పాల నమూనాను కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి గుర్తించడం), సెన్సిటివిటీ (అది ఏ మందుకు లొంగుతుందో చూడటం) పరీక్షలకు పంపాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోగా మేము అంచనా మీద సూది వేస్తాం. కృత్రిమ మేధ అక్కరకొచ్చేది ఇక్కడే. కల్చర్‌లో పెరిగిన సూక్ష్మజీవి జన్యుక్రమాన్ని గానీ, మాల్డీ-టోఫ్ యంత్రం చూపే ప్రోటీన్ల గుర్తులను గానీ పాత నమూనాల ఫలితాలతో పోల్చి, ఏ మందు పనిచేయకపోవచ్చో అది త్వరగా అంచనా వేయగలదు. సూది వేయకముందే, పొదుగు కడిగి, చనుమొనలను స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టిన పాలే ఆ అంచనాకు ఆధారం.

అపోహ: దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలిపితే కోళ్లకు జబ్బు రాదు.

వాస్తవం: తక్కువ మోతాదుకు బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, మందుకు లొంగని మొండివి మిగిలి పెరుగుతాయి. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు సూక్ష్మజీవులు లొంగకుండా చేసే జన్యువు ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి పాకుతోందని 2015లో చైనాలో బయటపడింది. మన దేశం 2019లో ఆహారపు పశువులకు, కోళ్లకు ఆ మందును నిషేధించింది. షెడ్డులో కోళ్ల గురక, దగ్గు విని, కదలికలు చూసి జబ్బును ముందే పసిగట్టే పద్ధతులు వస్తున్నాయి. ఆ హెచ్చరిక డాక్టరును పిలవడానికే తప్ప నీళ్లలో మందు కలపడానికి కాదు, ఎందుకంటే కొక్కెర తెగులు వంటి వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ పనిచేయదు.

అపోహ: యంత్రం కొత్త మందులు కనిపెడుతోంది, ఇక భయం లేదు.

వాస్తవం: 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు కృత్రిమ మేధతో గుర్తించిన హాలిసిన్ అనే యాంటీబయాటిక్ ఇంకా వైద్యంలోకి రాలేదు.

అపోహ: యంత్రం ఉంటే రైతు లెక్కలు రాయనక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఈ అపోహే. పరకాల వైపు ఒక ఊళ్లో పొదుగువాపు బర్రెకు నేను వెళ్లేసరికే మూడు రోజులుగా సూదులు పడ్డాయి. ఏ మందో ఎవరికీ గుర్తులేదు, సీసా పారేశారు, పాలు మాత్రం రోజూ కేంద్రానికి పోతూనే ఉన్నాయి. నేను చేసిందీ చివరికి అంచనా వైద్యమే. విదేశీ ఆవుల లెక్కలతో నేర్చుకున్న యంత్రం మన ముర్రా బర్రెలకు సరిగ్గా చెప్పాలంటే, మన కొట్టాల లెక్కలు దానికి అందాలి. అందుకే చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య, మందు పేరు, మోతాదు, చివరి సూది తేదీ ఒక నోటుబుక్కులో రాయండి. పాలు కాచినా చాలా మందుల అవశేషాలు పూర్తిగా పోవు. లేబుల్ మీద వేరే గడువు లేకపోతే, నిబంధనల ప్రకారం చివరి మోతాదు తర్వాత పాలు, గుడ్లు కనీసం 7 రోజులు, మాంసం 28 రోజులు అమ్మకూడదు. ఆ రోజులు లెక్కపెట్టడానికి కూడా ముందు ఆ తేదీ రాసి ఉండాలి.