లినక్స్‌లో ఎఫ్ఎన్ కీలు: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నా పని. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ నా బల్ల మీదికి వస్తే, తెచ్చినవారి మొదటి మాట తరచుగా "బ్రైట్‌నెస్ కీ పనిచేయడం లేదండీ". రెండో మాట "మళ్లీ విండోస్ వేసేయండి". ఆ రెండో మాట దగ్గర కాస్త ఆగమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎఫ్ఎన్ కీని (ఎఫ్1, ఎఫ్2 లాంటి కీలతో కలిపి వెలుగు, శబ్దం మార్చడానికి నొక్కేది) లినక్స్ గుర్తించదు.

వాస్తవం: చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కీ నొక్కిన సంగతి నేరుగా ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ తెలియదు. మదర్‌బోర్డు మీద ఉండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్ ఎఫ్ఎన్‌నూ దానితో నొక్కిన కీనీ కలిపి అర్థం చేసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు మామూలు కీ కోడ్‌గా రావచ్చు, ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడుకునే ఏసీపీఐ లేదా డబ్ల్యూఎంఐ దారిలోనూ రావచ్చు. దాన్ని అందుకోవడానికి థింక్‌ప్యాడ్, ఆసుస్, హెచ్‌పీ, డెల్ ల్యాప్‌టాప్‌లకు కెర్నెల్‌లో వేర్వేరు డ్రైవర్లు ఉన్నాయి. కాబట్టి వెతకాల్సింది కబురు ఎక్కడ ఆగిపోయిందో.

దానికి నేను వాడేది ఈవీటెస్ట్, ఏ పరికరం నుంచి ఏ కీ కబురు వచ్చిందో చూపే కమాండ్. చాలామంది ఇక్కడే పొరబడతారు. జాబితాలో కీబోర్డు ఒక్కటే ఎంచుకుని, ఏమీ రాలేదని వదిలేస్తారు. బ్రైట్‌నెస్ కీ కబురు చాలాసార్లు 'వీడియో బస్' అనే మరో పరికరం పేరుతో వస్తుంది. అన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. ఎక్కడా రాకపోతే కెర్నెల్ లాగ్ తెరవండి. కీ నొక్కగానే 'అన్‌నోన్ కీ' అన్న వరుస పడిందంటే కబురు చేరింది, దానికి పేరే లేదు. ఆ కోడ్‌కు యూడెవ్ హెచ్‌డబ్ల్యూడీబీ అనే హార్డ్‌వేర్ పట్టికలో పేరు రాస్తే సరిపోతుంది.

అపోహ: తెర మీద బ్రైట్‌నెస్ గీత కదులుతోంది, వెలుగు మారడం లేదు. కీ పాడైంది.

వాస్తవం: గీత కదిలిందంటే కీ తన పని చేసినట్టే. సిస్ క్లాస్ బ్యాక్‌లైట్ డైరెక్టరీ తెరిచి చూడండి. ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో అక్కడ రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి ఏసీపీఐ వీడియో, రెండోది ఇంటెల్ బ్యాక్‌లైట్. డెస్క్‌టాప్ మొదటిదాని అంకెలు మారుస్తోంది, తెర రెండోదాని మాటే వింటోంది. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, లినక్స్ వరుస చివర ఏసీపీఐ బ్యాక్‌లైట్ విలువను 'నేటివ్' అని చేర్చి బూట్ చేశాను. వెలుగు మారింది. ఇలా చేర్చింది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కనుక భయం లేదు. పనిచేసిందని తేలాకే గ్రబ్ ఫైలులో శాశ్వతంగా రాశాను.

ఎక్కడో చూసిన ఏసీపీఐ ఓఎస్ఐ పారామీటర్లను గుత్తగా అంటించేవారిని చూస్తే మాత్రం నాకు చిరాకు. ఆపరేటింగ్ సిస్టమ్ గురించి బయాస్‌కు (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కు) చెప్పే జవాబునే అవి మార్చేస్తాయి. బ్రైట్‌నెస్ కుదిరి, స్లీప్ చెడిపోవచ్చు.

అపోహ: ఈవీటెస్ట్‌లో కనిపించిన కీ డెస్క్‌టాప్‌లోనూ పనిచేసి తీరాలి.

వాస్తవం: మైక్ మ్యూట్ కీ కోడ్ 248. తెర మీద కిటికీలు చూపే ఎక్స్ సర్వర్ ప్రతి కోడ్‌కూ 8 కలుపుతుంది, దాని హద్దు 255. 256 అందులో ఇమడదు. అందుకే ఆ కీని ఎఫ్20 పేరుతో పంపే ఏర్పాటు వచ్చింది.

వైఫై కీ విషయం చిన్నదే. వైఫై ఆగి ఉందో లేదో చూపే ఆర్ఎఫ్‌కిల్ కమాండ్ జాబితాలో 'సాఫ్ట్ బ్లాక్' అయితే ఒక్క కమాండ్‌తో తీసేయవచ్చు. 'హార్డ్ బ్లాక్' అయితే ముందు ల్యాప్‌టాప్ అంచున స్విచ్ ఉందేమో చూడండి.

అపోహ: లినక్స్‌లో కీ పనిచేయకపోతే అది సాఫ్ట్‌వేర్ సమస్యే.

వాస్తవం: మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఉప్పుగాలికి స్క్రూలే తుప్పు పడుతుంటే కీబోర్డు కాంటాక్టులు ఎంత? ముందు బయాస్ సెటప్‌లోకి వెళ్లి కీలు నొక్కి చూడండి. అక్కడ ఇంకా ఏ ఆపరేటింగ్ సిస్టమూ లేదు. గాజువాక నుంచి వచ్చిన ఒకాయన ఎఫ్10 కోసం మూడు డిస్ట్రోలు (లినక్స్ రకాలు) మార్చి నా దగ్గరికి వచ్చారు. బయాస్‌లోనూ ఎఫ్10 పలకలేదు. విప్పి చూస్తే రిబ్బన్ కేబుల్ చివర పచ్చగా చిలుము పట్టి ఉంది.