సౌండ్ ఎక్కడ ఆగింది?

హోమ్ థియేటర్ మోగకపోతే చాలామంది ముందు చేసే పని, టీవీ వెనక చెయ్యి పెట్టి వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టడం. ఒక్కోసారి దాంతోనే బాగవుతుంది. కానీ ఏది కదిపితే బాగైందో తెలియదు కాబట్టి కొన్నాళ్లకి మళ్లీ అదే తంటా. వైర్ల జోలికి వెళ్లేముందు ఒక్క నిమిషం నిలబడి వినాలి. అసలేమీ రావడం లేదా? మాటలు మాత్రమే పోయాయా? గుయ్‌మని మోత వస్తోందా? ఏం పోయిందో సరిగ్గా వింటే ఎక్కడ పోయిందో సగం తెలిసిపోతుంది.

మాటలు పోయిన సంగతే తీసుకోండి. నేపథ్య సంగీతం, వాన హోరు, జనం కేకలు అన్నీ బ్రహ్మాండంగా వినిపిస్తుంటాయి. మనిషి నోరు తెరిస్తే మాత్రం పక్క గదిలో ఎవరో గొణిగినట్టుంటుంది. అప్పుడు అందరూ సినిమా ప్రింట్‌నో, యాప్‌నో తిట్టుకుంటారు. అసలు కారణం చాలాసార్లు మధ్య స్పీకర్. 5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక రెండు, వీటికి తోడు లోతైన బేస్ కోసం ఒక సబ్‌వూఫర్. సినిమా మిక్సింగ్‌లో సంభాషణల్లో ఎక్కువ భాగాన్ని మధ్య స్పీకర్‌కే పంపుతారు, హాల్లో ఏ మూల కూర్చున్నా మాట తెర మీంచే రావాలని. ఆ ఒక్క వైరు ఊడితే మాటలు దాదాపు మాయమవుతాయి, మిగతావన్నీ ఉంటాయి. స్పీకర్లన్నింటికీ సౌండ్ పంచే, ఆంప్లిఫైయర్ కూడా ఉన్న పెట్టెని రిసీవర్ అంటారు. అందులో టెస్ట్ టోన్ అనే సదుపాయం ఉంటుంది. ఒక్కో స్పీకర్‌లోంచి వరసగా బుస్సుమనే శబ్దం వస్తుంది. మధ్య స్పీకర్ వంతు వచ్చినప్పుడు నిశ్శబ్దంగా ఉంటే, లోపం చాలావరకు ఆ స్పీకర్‌లోనో దాని వైరులోనో ఉన్నట్టే. మీ ఇంట్లో మధ్య స్పీకర్ అసలు లేకపోతే, ఆ సంగతి రిసీవర్ సెటింగ్స్‌లో చెప్పాలి. చెబితే సంభాషణల్ని ఎడమ, కుడి స్పీకర్లకి పంచుతుంది. చెప్పకపోతే లేని స్పీకర్‌కి పంపుతూనే ఉంటుంది.

బేస్ పలచబడి, మాట ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోలేకపోతే, ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయని అనుమానించాలి. ఒక స్పీకర్‌లోని వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ముందుకి వస్తుంటే రెండోది వెనక్కి వెళుతుంది, రెండూ కలిసి గాలిని నెట్టాల్సింది పోయి ఒకదాని పనిని ఇంకొకటి చెరిపేస్తాయి. ఇది కంటితో చూడొచ్చు. స్పీకర్‌ని ఆంప్లిఫైయర్ నుంచి విడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ని ఎరుపు వైరుకి, మైనస్‌ని నలుపుకి ఒక్క క్షణం తాకించండి. వూఫర్ కోన్ బయటికి పొంగితే వైర్లు సరిగ్గా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడ్డట్టు. అలా చూస్తున్నప్పుడే వైరు చివర్లు కూడా గమనించండి. వెంట్రుకంత రాగి పోగు ఒకటి బయటికొచ్చి పక్క టెర్మినల్‌ని తాకితే చాలు, ఆంప్లిఫైయర్ తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది.

అన్ని వైర్లూ సరిగ్గా ఉండి వెనక స్పీకర్లు మాత్రం మూగబోయిన కేసు వేరు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. సీడీ తరహా కుదించని డిజిటల్ సౌండ్‌ని పీసీఎం అంటారు. సెకనుకి 48,000 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు (ఎడమకొకటి, కుడికొకటి విడివిడి సౌండ్). మొత్తం 15,36,000 బిట్లు. అదే ఆరు ఛానెళ్లకైతే 46 లక్షలు దాటుతుంది. 1983లో తోషిబా తెచ్చిన, సౌండ్‌ని వెలుగుగా మార్చి పంపే ఆప్టికల్ కేబుల్ మీద నడిచే ఏర్పాటు రెండు పీసీఎం ఛానెళ్ల కోసం చేసినది. ఆరు ఛానెళ్లు అందులో పట్టాలంటే కుదించాలి. డాల్బీ డిజిటల్ చేసేది అదే. డీవీడీల్లో 5.1 మొత్తాన్ని సెకనుకి 4,48,000 బిట్ల లోపే ఇముడ్చుతుంది. టీవీ సెటింగ్స్‌లో డిజిటల్ ఔట్‌పుట్ పీసీఎం అని ఉంటే ఆప్టికల్ దారిలో రెండు ఛానెళ్లే వెళతాయి. బిట్‌స్ట్రీమ్ అని, అంటే కుదించినదాన్ని విప్పకుండా పంపేలా మార్చితే ఆరూ వెళతాయి. అయితే అవతలి పెట్టె ఆ కుదింపుని విప్పగలగాలి. విప్పలేకపోతే అసలేమీ వినిపించదు. కాబట్టి పూర్తి నిశ్శబ్దం ఉన్నప్పుడు పీసీఎంకి మార్చి చూడడం మంచి పరీక్ష. అప్పుడు మోగితే వైరుకేమీ కాలేదు, అవతలి పెట్టె ఆ కుదింపుని విప్పలేకపోవడమే ఇబ్బంది.

ఆప్టికల్ కేబుల్‌లో సిగ్నల్ కంటికి కనిపిస్తుంది. టీవీకి పెట్టి రెండో కొస బయటికి తీస్తే ఎర్రటి చుక్క వెలగాలి. వెలగకపోతే టీవీలో ఆ ఔట్‌పుట్ ఆపేసి ఉండాలి, లేదా కేబుల్ ఎక్కడో గట్టిగా మడతపడి ఉండాలి. కొత్త కేబుల్ కొనల మీద చిన్న ప్లాస్టిక్ టోపీలు వస్తాయి. అవి పారదర్శకంగా ఉండడం వల్ల తియ్యకుండానే పెట్టేసేవాళ్లు చాలామంది.

ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఆప్టికల్ బదులు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ వాడుతున్నారు. అసలు హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ, సౌండ్ రెండూ ఒకే దిశలో, పెట్టె నుంచి టీవీకి వెళ్లేవి. టీవీలోనే యాప్‌లు వచ్చాక సౌండ్ టీవీ నుంచి వెనక్కి రావాల్సిన అవసరం ఏర్పడింది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ఆ దారి తెరిచింది, దాని పేరే ఏఆర్‌సీ. ఈ దారి టీవీకి ఉన్న అన్ని పోర్టుల్లోనూ ఉండదు. చాలా టీవీల్లో ఒక్కదానికే ఉంటుంది, దాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. సౌండ్‌బార్ వైపూ అంతే. నా ఉద్దేశంలో ముందు చూడాల్సింది ఇదే, ఖరీదైన కేబుల్ కొనడం కాదు.

పోర్టు సరైనదే అయినా ఏఆర్‌సీ తనంతట తాను మొదలవదు. టీవీ, సౌండ్‌బార్ ముందు మాట్లాడుకోవాలి. ఆ మాటలు సీఈసీ అనే ఒకే తీగ మీద, సెకనుకి సుమారు 400 బిట్ల నత్తనడకతో సాగుతాయి. టీవీకి తగిలించిన ప్రతి పెట్టె ఆ తీగనే పంచుకుంటుంది. ఒక్కటి తికమకపడినా మిగతావాటి మాట తెగుతుంది. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ హఠాత్తుగా ఆగిపోయే సౌండ్‌బార్ కథ చాలావరకు ఇదే. రిమోట్‌తో ఆపితే లాభం లేదు. అన్నింటినీ ప్లగ్ దగ్గరే తీసేసి, కొన్ని నిమిషాలాగి, ముందు టీవీ, తర్వాత సౌండ్‌బార్ వెయ్యాలి. సీఈసీ సెటింగ్ పేరు ప్రతి కంపెనీ మార్చేసింది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని వెతకాలి. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీకి (ఏఆర్‌సీకి మెరుగైన రూపం) ఈ తీగ మీద ఆధారపడాల్సిన పని లేదు, సెకనుకి 37 మెగాబిట్ల దాకా మోస్తుంది కూడా. రెండు వైపులా ఉంటే అది ఆన్ చేసుకోవడమే మేలు.

ఇక గుయ్‌మనే మోత. మన కరెంటు ఒకసారి అటు, ఒకసారి ఇటు పారే చక్రం సెకనుకి 50 సార్లు తిరుగుతుంది. స్పీకర్‌లో ఆ 50, దాని రెట్టింపు 100 వినిపిస్తే, కరెంటు ఎక్కడో సౌండ్ దారిలో చొరబడింది. వీధి స్తంభం నుంచి వచ్చే కేబుల్ టీవీ వైరు పైతొడుగుకి బయట ఒక ఎర్త్, ఆంప్లిఫైయర్ ప్లగ్‌కి ఇంట్లో ఇంకో ఎర్త్. రెండింటి మధ్యా కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా సెట్‌టాప్ బాక్స్‌ని ఆంప్లిఫైయర్‌కి కలిపే ఆడియో వైరు తొడుగు గుండా కరెంటు పారుతుంది, అది సౌండ్‌తో కలిసిపోతుంది. మోత వస్తుండగానే వాల్యూమ్ తగ్గించి, సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ టీవీ వైరు విప్పండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. ఆ వైరుకి ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి, ఈ కరెంటుని ఆపేది) పెట్టించవచ్చు, లేదా ఆడియోకి ఆప్టికల్ వాడొచ్చు. ఆప్టికల్‌లో పోయేది వెలుగు కాబట్టి కరెంటు దాటదు. కొందరు మోత పోవాలని ప్లగ్ పైనున్న లావు ఎర్త్ పిన్ తీసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మోత తగ్గొచ్చు. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పాడైతే పెట్టె పైరేకుకే కరెంటు వస్తుంది, అప్పుడు దాన్ని ముట్టుకున్న మనిషి ఒంట్లోంచే అది భూమికి పోతుంది.

మాట, పెదవుల కదలిక కలవకపోవడానికి బ్లూటూత్ ఒక పెద్ద కారణం. సౌండ్‌ని కుదించి, పంపి, విప్పేసరికి ఒకటి రెండు వందల మిల్లీసెకన్లు పోతాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం లెక్క ప్రకారం సౌండ్ 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనం పట్టేస్తాం, వెనకబడితే 125 దాకా పోల్చుకోలేం. ప్రకృతిలో మెరుపు తర్వాతే ఉరుము వస్తుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చే సౌండ్‌కి చెవి అలవాటు పడిందనుకోవచ్చు. రిసీవర్‌లోని లిప్ సింక్ సెటింగ్ సౌండ్‌ని ఆలస్యం చెయ్యగలదు, ముందుకి మాత్రం జరపలేదు. అందుకే సౌండ్ ముందొస్తుంటే ఆ సెటింగ్ పెంచాలి. వెనకబడుతుంటే ఆ సెటింగ్‌ని సున్నాకి తెచ్చి, బ్లూటూత్ మానేసి వైరు పెట్టుకోవాలి.