పెళ్ళి అన్నం గేదెకు ఎందుకు పడదు?

పెళ్ళిలో మిగిలిన అన్నం పారేయడమెందుకని గంపెడు తెచ్చి పాడిగేదె ముందు కుమ్మరించారట. తెల్లారేసరికి గేదె లేవలేదు. చుట్టుపక్కల వాళ్ళు దిష్టి అన్నారు. "మనం తినే అన్నమే కదా, విషమెలా అయింది?" అని ఒక పాఠకుడు అడిగారు. దిష్టి కాదండీ, పులుపు!

గేదె ఏం తిన్నా ముందు చేరేది రూమెన్ అనే పెద్దపొట్టలోకి. అక్కడ ఒక్క మిల్లీలీటరు ద్రవంలో వెయ్యి కోట్లకు తక్కువ కాకుండా బాక్టీరియా ఉంటాయి. వరిగడ్డి, జొన్నచొప్ప వేస్తే అవి పీచును నిదానంగా విరగ్గొట్టి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు చేస్తాయి. పొట్ట గోడలు వాటిని పీల్చుకుంటాయి. గేదెకు బలం వచ్చేది ప్రధానంగా వాటి నుంచే. పైగా గడ్డిని నెమరు వేస్తున్నంతసేపూ లాలాజలం ఊరుతుంది. పెద్ద ఆవుకైతే రోజుకు 100 లీటర్లు దాటుతుంది. అందులోని బైకార్బొనేట్ పులుపును విరిచేస్తూ పీహెచ్‌ను (పులుపును కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు) 6, 7 మధ్య నిలబెడుతుంది.

అన్నం సంగతి వేరు. ఉడికిన పిండిపదార్థం పీచులా ఆగదు, చకచకా పులిసిపోతుంది. స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బాక్టీరియాకు ఇలాంటి తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. అదే వేగం సాగితే ఒక్కటి 4 గంటల్లో 4,096 అవుతుంది! అది వదిలేది లాక్టిక్ ఆమ్లం, పెరుగుకు పులుపునిచ్చేదే. ఎసిటిక్ ఆమ్లం కన్నా దాదాపు 8 రెట్లు బలమైనది. పీహెచ్ 6.5 నుంచి 4.5కు దిగిందంటే ఆమ్లత 100 రెట్లు పెరిగినట్టు. బడిలో లిట్మస్ కాగితం రంగు మార్చి చూపించి ఊరుకుంటాం. ఒక్కో మెట్టూ పదింతలని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

పీహెచ్ 5 దిగువకు పోతే పీచును అరిగించేవి చచ్చిపోతాయి. పులుపును తట్టుకునే లాక్టోబాసిల్లస్‌లు రాజ్యమేలుతూ ఇంకా ఆమ్లం పోస్తాయి. పొట్టలో ద్రవం చిక్కబడి రక్తంలోని నీటిని లాగేస్తుంది. కళ్ళు లోపలికి పోతాయి, పేడ పలచబడి పుల్లటి వాసన వేస్తుంది. నెమరు ఆగిపోతుంది. నెమరు లేక లాలాజలమూ తగ్గుతుంది, పులుపును విరిచే ఆధారమూ పోతుంది.

విచిత్రమేమిటంటే, పాతర గడ్డి వేసేటప్పుడు మనం కోరుకునేదీ ఈ ఆమ్లమే. పచ్చిమేతను గాలి చొరకుండా తొక్కిపెడితే పీహెచ్ 4 దగ్గరకు దిగి గడ్డి నెలల తరబడి చెడదు.

రూమెన్‌లో లాక్టిక్ ఆమ్లాన్ని తినే మెగాస్ఫేరా ఎల్స్‌డెనై అనే బాక్టీరియా కూడా ఉంది. కానీ అది పెరగడానికి రోజులు పడుతుంది. అందుకే తవుడైనా, నూకలైనా, కొత్త దాణా ఏదైనా రెండు వారాల పాటు కొద్దికొద్దిగా పెంచాలి, గడ్డి మానకూడదు. కుడితిలో నాలుగు మెతుకులు పడితే భయం లేదు. పశువు కట్టు తెంచుకుని అన్నం గంపలోనో, ధాన్యం బస్తాలోనో తలపెట్టి, ఎంత తిన్నదో తెలియకపోతే మాత్రం పడిపోయేదాకా చూడొద్దు. వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి.