థీసిస్‌కు అట్ట వేస్తే బహుమతి పుస్తకం అవుతుందా? అపోహలు – వాస్తవాలు

పురస్కారాలకు ప్రకటన పడిందంటే చాలు, పదిమంది నోటా ఒకటే ప్రశ్న: "మా పీహెచ్‌డీ అచ్చయింది కదా, పంపొచ్చా?" పాపం, డబ్బు పెట్టి అచ్చు వేయించుకున్నవాళ్ల ఆత్రం అర్థం చేసుకోదగిందే. "పంపెయ్, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చేవాళ్లతోనే చిక్కు.

అపోహ: ఐఎస్‌బీఎన్ తీసుకుని అచ్చు వేస్తే థీసిస్ పుస్తకమైపోయినట్టే, ఏ బహుమతికైనా పనికొస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు నియమాల్లో, విశ్వవిద్యాలయ డిగ్రీ కోసమో పరీక్ష కోసమో రాసిన సిద్ధాంత వ్యాసం పరిశీలనకు రాదని స్పష్టంగా ఉంది. అక్కడ చూసేది ఆ రచన దేనికోసం పుట్టిందన్నది. మీరు వేసిన అట్టను కాదు. ఇక ఐఎస్‌బీఎన్ అంటారా, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే 13 అంకెల సంఖ్య అది. ఏ పుస్తకం ఏదో గుర్తుపట్టడానికే తప్ప పాండిత్యానికి ముద్ర కాదు.

ఎవరు చూస్తారంటే, విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగ ఉంది. అక్కడ మీ థీసిస్ పీడీఎఫ్ తెరిచి, విషయసూచికను పుస్తకం పక్కన పెడితే ఐదు నిమిషాల పని. ఆరు అధ్యాయాలూ అవే, వరుసా అదే. మొదటిది "పరిశోధన పరిధి, ప్రయోజనం", చివరిది "ఉపసంహారం". మధ్యలో ఎక్కడో "విభాగానికి సమర్పిస్తున్న ఈ సిద్ధాంత గ్రంథంలో" అన్న వాక్యం తీసేయడం మరిచిపోయి ఉంటారు. ధ్రువపత్రం పేజీ చింపేసినంత మాత్రాన థీసిస్ మాయం కాదు.

మరి దారి? పరిశోధనలో మీకు దొరికిన కొత్త విషయం ఒక్కటి పట్టుకుని, దాని చుట్టూ మళ్లీ రాయాలి. పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయాన్ని ఎత్తేసి, అవసరమైనంత పాదసూచికల్లోకి దించాలి. డిగ్రీ వచ్చాక బయటపడిన శాసనమో తాళపత్రమో వ్యాసమో ఉంటే చేర్చాలి. ఏ విశ్వవిద్యాలయానికి ఏ ఏట సమర్పించారో, ఏ అధ్యాయాలు కొత్తవో ముందుమాటలో దాచకుండా చెప్పాలి. అప్పటికీ ఆ బహుమతికి చెల్లుతుందో లేదో నిర్వాహకులను ముందే రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో వచ్చిన "పర్లేదు" రేపు నిలబడదు.

దీనికి పూర్తిగా తలకిందులైన తప్పు ఇంకోటి. ఉత్తమ థీసిస్‌కు విశ్వవిద్యాలయం ఇచ్చే బంగారు పతకానికి, సవరించి అచ్చు వేసిన పుస్తకాన్ని పంపుతారు. అక్కడ కావలసింది డిగ్రీకి ఆమోదం పొందిన ప్రతి. అది దాత పేరిట పెట్టిన ఎండోమెంటు పతకమైతే దాత రాసిన షరతే నియమం, కాబట్టి ప్రకటనలోని ప్రతి మాటా చదవాలి.

అపోహ: నిరుడు ఆవిష్కరించిన పుస్తకమే ఈ ఏడు పంపాలి.

వాస్తవం: లెక్క మొదటి ముద్రణదే, ఆవిష్కరణ సభది కాదు. అకాడమీ 2024 అవార్డుకు 2018 జనవరి 1 నుంచి 2022 డిసెంబరు 31 దాకా తొలిసారి అచ్చయినవే చూశారు. 2023 పుస్తకం అందులోకి రాదు. 2015 నాటి పుస్తకం 2020లో కొత్త అట్టతో వచ్చినా 2015దే. విశ్వవిద్యాలయాల కాలపరిధి వేరుగా ఉండొచ్చు, అది వాళ్ల ప్రకటనలోనే చూసుకోవాలి. "ప్రథమ ముద్రణ" అన్న చోట నెల, ఏడు సరిగా వేయించండి. ఉగాదికి సభ పెట్టుకున్నా, డిసెంబరులో అచ్చయితే లెక్క ఆ డిసెంబరు ఏడాదిదే.

అపోహ: కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేరే రచనలతో పోలిక 10 శాతం లోపు వచ్చిందంటే సొంత రచనే.

వాస్తవం: విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు, అంతే. పైగా అచ్చుపనికి వాడే అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే అక్షర సంకేతం) కాదు. యంత్రానికి అందులో తెలుగు కనిపించదు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అలా వచ్చిన సున్నా శాతం చూసుకుని మురిసిపోకండి. న్యాయనిర్ణేతకు మూల గ్రంథం నోటికొచ్చి ఉండొచ్చు.

మిగతావి చకచకా. "పరిశోధన గ్రంథాలకు ఎక్కడిస్తారు, అన్నీ కవులకే" అంటారు. తెలుగులో తొలి అకాడమీ అవార్డు, 1955లో, సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే వచ్చింది. ఆయన పోయిన రెండేళ్లకు. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. 1961లో బాలాంత్రపు రజనీకాంతరావు 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' ఉండనే ఉంది. "ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలిగా" అన్నదీ తప్పే. 1958, 1959లలో తెలుగుకు ఇవ్వలేదు. అనువాదం, సంకలనం, వ్యాఖ్యానం ప్రధాన అవార్డుకు చెల్లవు. అనువాదకులకు 1989 నుంచి వేరే బహుమతి ఉంది. ప్రాచీన సాహిత్యంపై ఏళ్ల తరబడి పనిచేసినవారికి 1996 నుంచి భాషా సమ్మాన్ ఉంది, దానికి చూసేది ఒక్క పుస్తకాన్ని కాదు, మొత్తం కృషిని.