బడిలో పేర్లు పెట్టి ఏడిపించడం: కొన్ని అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నేను సోషల్ టీచర్ని. ఇరవై రెండేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే ఉన్నా, మొదట చీమకుర్తి వైపు, ఇప్పుడు ఉలవపాడు పక్కన. అంటరానితనం రద్దయిందని రాజ్యాంగం 17వ అధికరణం చెప్పేది నేనే, బెల్ కొట్టగానే వరండాలో ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వినేదీ నేనే. తల్లిదండ్రులూ తోటి టీచర్లూ మళ్లీ మళ్లీ అనే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి రాస్తున్నా.

అపోహ: పిల్లలన్నాక ఏడిపించుకుంటారు, మనమూ అలా పెరిగిన వాళ్లమే.

వాస్తవం: కొట్లాట వేరు, ఇది వేరు. బ్యాట్ కోసం ఇద్దరు చొక్కాలు పట్టుకుంటే సాయంత్రానికి కలిసిపోతారు, దానికి నేను పెద్దగా టెన్షన్ పడను. ఈ విషయం మీద మొదట్లో పరిశోధన చేసిన వాళ్లలో ఒకడైన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఇద్దరి బలంలో తేడా ఉండటం. నా లెక్క ఇంకా సులువు. ఆ పిల్లవాడు అదే మాట తిరిగి అనగలడా? అనలేడంటే అది ఆట కాదు. బలమంటే కండ ఒక్కటే కాదు, ఎవరి నాన్న ఎవరి పొలంలో కూలికి పోతాడో ఆరో తరగతి పిల్లలకు కూడా బాగా తెలుసు.

అపోహ: రేసిజం అమెరికాలో గొడవ, మనకేం సంబంధం?

వాస్తవం: కాస్త నల్లగా ఉన్న పిల్లవాడికి మన బడుల్లో పెట్టే పేర్లు ఒకసారి వినండి. నీగ్రో, ఆఫ్రికా, తారుడబ్బా. ఆడపిల్లనైతే "నీకు కట్నం ఎక్కువ అడుగుతార్లే" అని పదమూడేళ్లవాడు అంటాడు, ఆ మాట ఎక్కడ నేర్చాడో అడగాల్సిన పని లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పనికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్ల పిల్లలు మా దగ్గర చదివేవాళ్లు. ఒక బీహార్ పిల్లవాడికి 'ళ' పలకదు, మధ్యాహ్న భోజనం వరసలో 'పల్లెం' అన్నాడు, అంతే, నెల రోజులు వాడి పేరే పల్లెం. చివరికి ఆ పిల్లవాడు అన్నం తినడం మానేశాడు, వరసలో నిలబడితే మాట్లాడాలి కదా అని. ఇదంతా చిన్న విషయం అనుకునేవాళ్లు 2014 జనవరిలో ఢిల్లీలో జరిగింది గుర్తు చేసుకోండి, అరుణాచల్ కుర్రాడు నిడో తానియా రూపం మీద ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు.

అపోహ: ఈ కాలం పిల్లలకు కులం తెలియదు.

వాస్తవం: తెలియకపోతే మనమే చెప్తాం. స్కాలర్‌షిప్ లిస్టు వస్తుంది, హెడ్మాస్టర్ గారు సాయంత్రంలోపు కావాలంటారు, టీచర్ క్లాసులోకి వచ్చి "ఎస్సీలు లేవండి, ఎస్టీలు లేవండి" అని తలలు లెక్కపెట్టుకుని పోతాడు. ఎవరో టీచర్ కాదు, తొలి ఐదారేళ్లు నేనూ అలాగే లేపాను. రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల్లో నలభై మందికి ఎవరు ఎవరో తెలిసిపోతుంది, మర్నాటి నుంచి బెంచీల మీద కూర్చునే తీరు మారుతుంది. ఇప్పుడు అడ్మిషన్ రిజిస్టర్ చూసి రాసుకుంటున్నా, అనుమానం ఉంటే ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తా. అరగంట ఎక్కువ పడుతుంది, పడనీ.

ఇంకోటి చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం వైపు తల దువ్వుకోని పిల్లవాణ్ని "ఏందిరా యానాదోడిలా వచ్చావు" అనడం చాలా మందికి అలవాటు. స్టాఫ్ రూముల్లో కూడా విన్నాను. తిట్టు తిన్నవాడు వేరే కులం వాడు, నవ్వేసి పోయి తల దువ్వుకుంటాడు. మూడో బెంచీలో నిజంగా యానాది తెగ పిల్లవాడు తల వంచుకుని నోట్సు రాస్తుంటాడు, అతణ్ని ఎవరూ ఏమీ అన్నట్టు కాదు లెక్కకి.

అపోహ: చట్టాలన్నీ కాలేజీ ర్యాగింగ్‌కే.

వాస్తవం: కాదు. 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, అది ముందు మాకు, అంటే టీచర్లకు వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీ వాళ్లను ఇతర కులాల వాళ్లు నలుగురి ఎదుట కులం పేరుతో దూషిస్తే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ నేరం చేసింది పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లైతే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. పిల్లలు నేరుగా ఫోన్ చేసుకోవడానికి 1098 ఉంది, ఆ నంబరు గోడ మీద రాయించండి.

అపోహ: నిజంగా బాధ ఉంటే వాడే చెప్తాడు.

వాస్తవం: చెప్పడు. కడుపునొప్పి అంటాడు. ఇంటర్వెల్‌లో బయటికి పోడు, నోట్సు పోయిందంటాడు, ఇంటికెళ్లి తమ్ముణ్ని కొడతాడు. తర్వాత మెల్లగా రావడం మానేస్తాడు. రొయ్యల గుంటల దగ్గర కాపలాకి పోయాడని మనం బడి మానేసిన వాళ్ల లెక్కలో రాసుకుంటాం. ఒకసారి అలాంటి ఇంటికి వెళ్తే వాళ్ల నాన్న అన్నాడు, "పనికి నేను పంపలా సార్, వాడే బడికన్నా గుంట మేలన్నాడు."

అపోహ: ఇద్దర్నీ పిలిచి చేతులు కలిపిస్తే సరిపోతుంది, వినకపోతే టీసీ ఇచ్చేయాలి.

వాస్తవం: మా ముందు చేతులు కలుపుతారు, గేటు దాటాక "సార్‌కి చెప్తావా" అని రెండింతలు పడతాయి. ముందు పడ్డవాడితో ఒంటరిగా మాట్లాడాలి, అన్నవాడితో వేరే రోజు. బెంచీ మార్చాల్సింది అన్నవాణ్ని, పడ్డవాణ్ని కాదు, మనం ఎప్పుడూ తిరగేసి చేస్తాం. అన్నిటికన్నా పనిచేసింది చుట్టూ చూసి నవ్వే పిల్లలతో మాట్లాడటం, అందులో ఇద్దరు నవ్వడం మానేసి వాడి పక్కన కూర్చున్నా చాలు, అనేవాడికి సగం ఊపు పోతుంది. వారం తర్వాత మళ్లీ అడగాలి, అక్కడే చాలా మందిమి వదిలేస్తాం. ఇక టీసీ అంటారా, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి తీసేయకూడదని విద్యా హక్కు చట్టంలోనే ఉంది.

అపోహ: వాడే నవ్వుతున్నాడు కదా, ముద్దు పేరులే.

వాస్తవం: 2007లో వరల్డ్ కప్ వెస్టిండీస్‌లో జరిగింది. ఆ ఏడు మా తొమ్మిదో తరగతిలో ఒకడికి ఆ పేరు పెట్టారు. నవ్వేవాడు. హాజరు వేసేటప్పుడు నేను కూడా ఒకసారి "వెస్టిండీస్ వచ్చాడా" అన్నాను, క్లాసంతా విరగబడి నవ్వింది, అప్పటి నుంచి ఆ పేరుకి అడ్డు లేకపోయింది. పోయిన సంవత్సరం కావలి బస్టాండులో ఒకతను వచ్చి నా సంచి అందుకున్నాడు. ముప్పై దాటి ఉంటాయి, చంకలో కూతురు. నేను గుర్తుపట్టలేదని అర్థమై, పాపకు వినపడకుండా కొంచెం దగ్గరికొచ్చి, "నేను సార్, వెస్టిండీస్‌ని" అన్నాడు. అసలు పేరు చెప్తే నాకు తెలియదనుకున్నాడు. నిజంగానే నాకు గుర్తు లేదు.