మాడ్రిడ్–ఇస్తాంబుల్: దూరం ఒకటే, రానూ పోనూ సమయాలు వేరు

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్, టర్కీలోని ఇస్తాంబుల్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మొదటిది 40.4 డిగ్రీల ఉత్తరాన ఉంటే, రెండవది 41 డిగ్రీల ఉత్తరాన ఉంది. బడి గోడకు వేలాడే మెర్కేటర్ పటంలో ఈ రెండింటినీ స్కేలు పెట్టి కలిపితే, గీత దాదాపు అడ్డంగా సాగి ఇటలీలో పాంపే శిథిలాల పక్కగా పోతుంది. అదే గ్లోబు మీద ఈ రెండు చుక్కల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది ఉత్తరానికి వంగి రోము మీదుగా వెళుతుంది, పైగా రోము ఇంచుమించు సగం దారిలో పడుతుంది. గోళం మీద అతి దగ్గరి దారి మహావృత్తంలో, అంటే గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా చీల్చే వృత్తంలో, ఒక ముక్క కావడమే ఇందుకు కారణం.

అయితే ఈ వంపు మిగిల్చేది చాలా తక్కువ. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఆ దారం ఆరున్నర సెంటీమీటర్లకు మించదు, దాని వంపు మూడు మిల్లీమీటర్లే. అసలు భూమి మీద అది 130 కిలోమీటర్లు ఉత్తరానికి జరగడమే అయినా, దారం కొలిచే దూరం సుమారు 2,740 కిలోమీటర్లు, పటం మీది గీత వెంట పోతే 2,755. ఖండాలు దాటే ప్రయాణాల్లో ఈ తేడా వందల కిలోమీటర్లకు పెరగవచ్చు గానీ, యూరప్ లోపల ప్రయాణ సమయాన్ని ఎక్కువగా మార్చేది గాలే.

ఈ అక్షాంశాల్లో పైన వీచే గాలులు ప్రధానంగా పడమటి నుంచి తూర్పుకు సాగుతాయి. గాలి లేనప్పుడు గంటకు 840 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి ఈ దూరం మూడుంబావు గంటలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 2 గంటల 55 నిమిషాలు చాలు, అదే గాలి ఎదురైతే 3 గంటల 42 నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు కలిసివచ్చినది వచ్చేటప్పుడు చెల్లుకు చెల్లు అవుతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది. రెండు ప్రయాణాలూ కలిపితే గాలి లేని రోజుకంటే ఆరు నిమిషాలు నష్టమే.

టిక్కెట్టు మీది సమయం ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, దిగి మళ్ళీ ఆగే దాకా అందులో లెక్క. రన్‌వే దాకా పాకడం, నిదానంగా ఎక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం అన్నీ కలిసి తూర్పు ప్రయాణం సుమారు నాలుగు గంటలకు చేరుతుంది. దూరాన్ని ఒకే వేగంతో భాగించి చెప్పే సమయాలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఇక గడియారం సంగతి. టర్కీ 2016 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది, స్పెయిన్ మాత్రం ఇప్పటికీ వేసవిలో గంట ముందుకు జరుపుతుంది. అందువల్ల మాడ్రిడ్‌లో మధ్యాహ్నం 12 గంటలకు బయలుదేరే నాలుగు గంటల విమానం వేసవిలో ఇస్తాంబుల్ సమయం ప్రకారం సాయంత్రం 5 గంటలకు, చలికాలంలో 6 గంటలకు చేరుతుంది.